తొమ్మిదేళ్లు పక్కన కూర్చున్న మనిషికి నేను విశ్వాసినని తెలియలేదు. నా సాక్ష్యం ఓడిపోయినట్టేనా?

పక్కసీటు (చర్చ మొదలుపెట్టినవారు):

అందరికీ వందనాలు. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదటిసారి. పొడుగైతే ఓపిక పట్టండి.

పోయిన నెల ఉద్యోగం మారాను. చివరి రోజు సాయంత్రం సొరుగు ఖాళీ చేస్తుంటే అడుగున అట్ట ఊడిపోయిన నా చిన్న కొత్త నిబంధన బయటపడింది. పక్క సీట్లో తొమ్మిదేళ్లు కూర్చున్న సహోద్యోగి దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది నీదా? నువ్వు చర్చికి వెళ్తావా?" అన్నాడు. ఎగతాళి లేదు, చిరాకు లేదు. ఒట్టి ఆశ్చర్యం.

ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పే సమయంలో దీన్ని కాస్త నవ్వులాటగా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. ఆరాధన అయ్యాక పాస్టర్ గారు భుజం మీద చెయ్యి వేసి, "దీపం వెలిగించి తొమ్మిదేళ్లు కుంచం కింద పెట్టారు బ్రదర్" అన్నారు. ప్రేమగానే అన్నారు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

నా వైపు మాట కూడా వినండి. రోజూ కంప్యూటర్ ఆన్ చేసే ముందు "ప్రభువా, నువ్విక్కడ ఉన్నావు" అని మనసులో ఒక్క మాట అనుకుంటాను. అంతకంటే పెద్ద ప్రార్థన నాకు చేతకాదు. ఆ మాట సాయంత్రం దాకా గుర్తుంటే ఆ రోజు నోరు అదుపులో ఉంటుంది, లెక్కలు సరిగ్గా ఉంటాయి, ఇంకొకరి తప్పు బయటపడినప్పుడు లోపల కలిగే చిన్న సంతోషం కూడా కలగదు. గుర్తులేని రోజు తేడా నాకే తెలిసిపోతుంది. దేవుని సన్నిధిలో బతకడం అంటే ఇదేనని అనుకుంటూ వచ్చాను. ఎవరికీ చెప్పలేదు, నిజమే. దాచలేదు కూడా. చెప్పే సందర్భం రాలేదంతే.

ఇలా బతకడం సాక్ష్యమా? లేక నోటితో చెబితేనే సాక్ష్యమా? మొహమాటం లేకుండా చెప్పండి.

కోతపొలం:

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను బ్రదర్. సాక్షి అన్న మాట కోర్టుది. అన్నీ కళ్లారా చూసి, బోనెక్కి, నోరు విప్పకుండా దిగిపోయేవాణ్ని సాక్షి అనరు. "వాడి మొహం చూస్తే నిజాయతీపరుడని తెలుస్తోంది" అని ఏ జడ్జీ తీర్పు రాయడు.

బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక 10వ అధ్యాయం తీయండి. వినని వానిని ఎలా విశ్వసిస్తారు, ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారు అని పౌలు వరసగా అడుగుతాడు. విశ్వాసం వినడం వల్ల కలుగుతుంది అన్నాడు, పక్కన కూర్చోవడం వల్ల అనలేదు.

ఇంకొకటి. మీ సహోద్యోగి తొమ్మిదేళ్లూ ఇంటికెళ్లి మీ గురించి ఏమనుకుని ఉంటాడు? "మంచోడు" అని. ఆ మంచితనం ఎవరి ఖాతాలో పడింది? మీ ఖాతాలో. మత్తయి 5:16లో మనుషులు మన సత్‌క్రియలు చూసి తండ్రిని మహిమపరచాలని ఉంది. తండ్రి పేరే ఎత్తకపోతే ఎవర్ని మహిమపరుస్తారు? మీరు ఏ చెడూ చేయలేదు. కానీ దేవునికి రావాల్సిన మెప్పు తొమ్మిదేళ్లు మీ జేబులో వేసుకున్నారు.

పాతపుస్తకం:

కోతపొలం గారూ, జేబు మాట మరీ కఠినం. నేను కతోలిక సంఘంవాణ్ని, నాకు ఇది వేరేగా కనబడుతుంది.

పక్కసీటు గారు చెప్పిన ఆ ఉదయపు మాట చదవగానే బ్రదర్ లారెన్స్ గుర్తొచ్చాడు. 17వ శతాబ్దం, పారిస్‌లో కార్మెలైట్ అనే కతోలిక సన్యాసుల మఠం. అంతకుముందు సైనికుడు, యుద్ధంలో దెబ్బతిని కుంటివాడయ్యాడు. మఠంలో చేరితే పెద్ద చదువు లేదని వంటింట్లో వేశారు. ఆ పని ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. ఏళ్ల తరబడి అదే చేశాడు, తరవాత చెప్పులు కుట్టాడు. ఆయన కనిపెట్టింది ఒక్కటే: పని వేళకీ ప్రార్థన వేళకీ తేడా ఉండనక్కర్లేదని. గిన్నెల చప్పుడు మధ్య, ఒకేసారి నలుగురు నాలుగు అడుగుతున్నప్పుడు కూడా గుడిలో మోకాళ్ల మీద ఉన్నంత నెమ్మదిగా దేవునితో ఉన్నానని చెప్పాడు. 1691లో చనిపోయాడు. ప్రసంగాలు చేయలేదు, సభలు పెట్టలేదు. మూడువందల ఏళ్ల తరవాత కూడా ఆయన ఉత్తరాలు చదివి జనం నిలదొక్కుకుంటున్నారు.

మనకు సన్నిధి అంటే పాటలు, మైకు, కన్నీళ్లు. బైబిల్లో యాకోబు రాయి తలకింద పెట్టుకుని నిద్రపోయి లేచి, యెహోవా ఈ చోట ఉన్నాడు, అది నాకు తెలియలేదు అన్నాడు. అక్కడ సభ ఏదీ జరగలేదు.

కోతపొలం:

లారెన్స్ గారి మీద గౌరవమే. కానీ ఆయన ఉన్నది మఠంలో. ఒంటి మీద అంగీయే బోర్డు. ఆయన ఎవరివాడో అడగాల్సిన పని ఎవరికీ లేదు. ఈ బ్రదర్ ఒంటి మీద ఏముంది? కంపెనీ ఐడీ కార్డు.

చరిత్ర కావాలంటే నేనూ చెబుతా. 362లో రోమా చక్రవర్తి జూలియన్ పాత దేవతల ఆరాధన మళ్లీ నిలబెడదామని చూస్తూ ఒక పూజారికి ఉత్తరం రాశాడు. ఈ గలిలయులు తమ పేదలనే కాదు, మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనకది సిగ్గుచేటు అని దాని సారాంశం. గలిలయులంటే మనవాళ్లే. ఆ అన్నం పెట్టేవాళ్లు ఎవరో చక్రవర్తికి ఎలా తెలిసింది? ఎవరి పేరు మీద పెడుతున్నారో దాచలేదు కాబట్టి. చేతులూ పనిచేశాయి, నోరూ పనిచేసింది.

సందేహి:

నేను విశ్వాసిని కాను. ఏ మతమూ లేదు. ఈ చర్చలు చదవడం మాత్రం అలవాటు. బయటివాడు మాట్లాడవచ్చా?

ముందుగా ఒక మాట. ఇక్కడ చాలామంది మమ్మల్ని "అన్యులు" అంటారు. మీ గ్రంథంలో ఉంది, తెలుసు. ఆ మాట అవతలివైపు నుంచి ఎలా వినబడుతుందో ఒకసారి చెవి పెట్టి చూడండి.

ఇక అసలు సంగతి. మా నాన్న పోయినప్పుడు ఒకతను నాకు చాలా దగ్గరయ్యాడు. రెండు నెలలు రోజూ ఫోన్, ఆస్పత్రి బిల్లుల దగ్గర్నుంచి బ్యాంకు కాగితాల దాకా వెంట తిరిగాడు. మూడో నెల వాళ్ల కూటానికి పిలిచాడు. వెళ్లాను, ఆయన మీద గౌరవంతో. రెండోసారి పిలిస్తే నాకు నమ్మకం కుదరడం లేదు, రానని మర్యాదగానే చెప్పాను. ఆ తరవాత ఫోన్ లేదు. దారిలో ఎదురైతే నవ్వుతాడు, అంతే.

అతను చెడ్డవాడు కాదు. కానీ అతని లెక్కలో నేనొక ఆత్మని, మనిషిని కాను అని అప్పుడర్థమైంది. నాన్న పోయిన దుఃఖం కంటే అది వేరే రకంగా నొప్పి పెట్టింది, ఎందుకంటే ఆ రెండు నెలల మంచితనాన్ని కూడా వెనక్కి వెళ్లి అనుమానించాల్సి వచ్చింది.

పక్కసీటు గారి సహోద్యోగికి ఆ అనుమానం లేదు. తొమ్మిదేళ్ల స్నేహం, వెనకాల ఏ లెక్కా లేకుండా. మీ దేవుడికి అది చిన్న విషయమేమో కానీ మాకు పెద్దదే.

నిబ్బరం:

ఇంత చర్చ ఎందుకండీ. ఫోన్ లాక్ స్క్రీన్ మీద ఒక వాక్యం పెట్టుకుంటే చాలదా? చూసినవాళ్లు అడుగుతారు. నేను అదే చేస్తా.

సందేహి:

మా ఆఫీసులో ఒకాయన పెట్టుకున్నారు. అప్పు తీసుకుని ఎనిమిది నెలలైంది. వాక్యం మాత్రం రోజుకొకటి మారుతోంది.

రాత్రిడ్యూటీ:

సందేహి గారూ, నవ్వలేక చచ్చాను. మీ నాన్నగారి విషయం చదివి మాత్రం బాధేసింది.

నేను నర్సుని. పద్నాలుగేళ్లు. ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోది కాదు, ప్రతి రాత్రిదీ. మంచం మీద ఉన్న మనిషి లేచి వెళ్లిపోలేరు. నా చేతిలో సూది ఉంటుంది, నీళ్లు ఇచ్చేదీ నేనే. ఆ స్థితిలో ఉన్నవాళ్ల దగ్గర నేను సువార్త మొదలుపెడితే వాళ్లకి వద్దనే స్వేచ్ఛ ఉందా? నన్ను నొప్పించకూడదని తల ఊపుతారు. ఆ తల ఊపడాన్ని ఆదివారం సాక్ష్యంగా చెప్పుకోవడం నాకు చేతకాదు. అందుకని నాకు నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. అడిగితేనే మాట్లాడాలి.

ఇది భయంతో పెట్టుకున్నది కాదు. 1 పేతురు 3:15లో మీలో ఉన్న నిరీక్షణ గురించి "అడుగు ప్రతివానికిని" సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, అదీ సాత్వికంతో. కోతపొలం బ్రదర్ అన్నట్టు సాక్షి కోర్టు మాటే. అయితే సాక్షిని పిలుస్తారు. పిలవకుండా బోనెక్కి కేకలు వేసేవాణ్ని బయటికి పంపిస్తారు.

సన్నిధి సంగతి అడిగారు కదా. ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దగ్గరికి వెళ్లేటప్పుడు చేతులు కడుక్కోవాలి, అది నియమం. రాత్రికి ఎన్నిసార్లో లెక్కే ఉండదు. ఆ కాసేపూ వెనక వదిలొచ్చిన మనిషిని దేవునికి అప్పజెప్పి, ముందున్న మనిషి పేరు గుర్తు తెచ్చుకుంటాను. అంతే నా ప్రార్థన. అది చేసిన రాత్రికీ చేయని రాత్రికీ సూది గుచ్చే చెయ్యి కూడా వేరేగా ఉంటుంది.

ఎప్పుడూ ఇలాగే ఉంటానని అనుకోకండి. ఒకసారి డబుల్ డ్యూటీలో ఒక పేషెంటు కొడుకు మీద వార్డంతా వినేలా అరిచాను. తెల్లారి వెళ్లి క్షమాపణ అడిగాను. ఆయన వారం తరవాత డిశ్చార్జి రోజున, "ఇక్కడ నాకు సారీ చెప్పింది మీరొక్కరే, ఎందుకు చెప్పారు?" అని అడిగాడు. పద్నాలుగేళ్లలో నా విశ్వాసం గురించి నేను నోరు విప్పి చెప్పినవాటిలో అదొకటి. నా మంచితనం చూసి అడగలేదు మరి, నా తప్పు చూసి అడిగాడు.

దీవెన_ఇల్లు:

చాలా బాగా చెప్పారు సిస్టర్. పరిశుద్ధ ఫ్రాన్సిస్ గారు కూడా అదే అన్నారు: "ఎల్లప్పుడూ సువార్త ప్రకటించండి, అవసరమైతే మాటలు వాడండి." దీనితో చర్చ ముగించవచ్చు.

పాతపుస్తకం:

ముగించలేం అక్కా, క్షమించండి. నేను మౌనం పక్షానే ఉన్నాను, అయినా చెప్పాలి. ఆ వాక్యం అస్సీసీ ఫ్రాన్సిస్ రాతల్లో ఎక్కడా లేదు. ఆయన చనిపోయిన కాలానికి దగ్గరగా రాసిన జీవిత చరిత్రల్లోనూ లేదు. ఎవరో తరవాత అంటగట్టింది. అసలు ఆయన ఊరూరా తిరిగి వీధుల్లో ప్రసంగించినవాడు. 1219లో క్రూసేడు యుద్ధం జరుగుతుండగా ఈజిప్టులో సుల్తాన్ అల్ కామిల్ శిబిరానికి నడుచుకుంటూ వెళ్లినవాడు. నోరు విప్పడానికి భయపడే మనిషి కాదు.

అయితే ఆయన నిజంగా రాసినది ఇంకా బాగుంటుంది. తన సన్యాసి సోదరుల కోసం రాసిన 1221 నాటి నియమావళిలో, ముస్లింల మధ్యకు వెళ్లే సోదరులు రెండు విధాలుగా ఉండవచ్చని ఉంది. ఒకటి, వాదాలు పెట్టుకోకుండా, దేవుని కోసం అందరికీ లోబడి, తాము క్రైస్తవులమని ఒప్పుకుంటూ బతకడం. రెండోది, దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యం ప్రకటించడం. మొదటి పద్ధతిలో కూడా "ఒప్పుకుంటూ" అని ఉంది చూడండి. వాదించక్కర్లేదు, ప్రసంగించక్కర్లేదు. ఎవరివాడివి అంటే ఫలానావాడినని చెప్పాలి. అది నా పక్షానికి కాస్త ఇబ్బందే, తెలుసు.

పోప్ ఆరవ పాల్ కూడా 1975 నాటి ప్రబోధంలో మాట లేని సాక్ష్యాన్ని ఎంతో మెచ్చుకుని, అది చూసినవాళ్లలో ప్రశ్న పుట్టిస్తుందని చెప్పి, ఆ వెంటనే అదొక్కటే ఎప్పటికీ చాలదని రాశారు.

కోతపొలం:

చూశారా. మీ పోప్‌గారే నా వైపు.

పాతపుస్తకం:

సగం దాకా.

పాస్టరుగారబ్బాయి:

నాకు రెండు పక్షాలతోనూ పేచీ ఉంది. "నా బతుకే నా సాక్ష్యం" అనేవాళ్లతో కొంచెం ఎక్కువ.

పేరు చూసే ఉంటారు, నేను ఎలాంటి ఇంట్లో పెరిగానో. మా ఇల్లే సాక్ష్యం. ఇంట్లో అమ్మానాన్నా పోట్లాడుకున్నా గుమ్మం దాటగానే నవ్వాలి. నేను పరీక్ష తప్పితే సంఘానికి సాక్ష్యం పాడైంది. పన్నెండేళ్లకే నాకు రెండు మొహాలు వచ్చేశాయి. మనుషులకు కనబడాలని నీతికార్యాలు చేయకుండా జాగ్రత్తపడమని మత్తయి 6లో ఉన్నదాన్ని మా నాన్న ఎన్నిసార్లు బోధించారో, ఆ బోధ వినే వరసలో మేమెంత ఇస్త్రీ మడతల్లో కూర్చున్నామో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒకే కొండ మీద ప్రసంగం. అధ్యాయం 5లో మీ వెలుగు కనబడనివ్వండి అంటాడు, 6లో కనబడాలని చేయకండి అంటాడు. ఈ రెంటి మధ్యే మా ఇల్లు చితికిపోయింది.

ఇంకా పెద్ద ఉదాహరణ ఉంది. జీన్ వానియే. మానసిక వైకల్యం ఉన్నవాళ్లతో కలిసి ఒకే ఇంట్లో బతకాలని 1964లో ఫ్రాన్స్‌లో లార్ష్ అనే సమూహం మొదలుపెట్టాడు. ప్రసంగాలు కాదు, కలిసి బతకడమే సువార్త అనేవాళ్లందరికీ ఆయనే ఆదర్శం. నాక్కూడా. 2019లో చనిపోయాడు. మరుసటి ఏడాది లార్ష్ సంస్థే చేయించిన విచారణలో, ఆధ్యాత్మిక సలహా కోసం వచ్చిన స్త్రీలను ఆయన ఏళ్ల తరబడి లైంగికంగా లోబరచుకున్నాడని తేలింది. వాళ్లే బయటపెట్టారు, దాచలేదు, ఆ ధైర్యానికి దణ్ణం. నేను మాత్రం వారం రోజులు మనిషిని కాలేకపోయాను.

అందుకే "నన్ను చూడండి, దేవుడు కనబడతాడు" అన్న మాటంటే నాకు వణుకు. బయటికి కనబడే బతుకు అబద్ధం ఆడగలదు. నోరు ఆడినంత తేలిగ్గా ఆడగలదు. సాక్షి పని తనను చూపించుకోవడం కాదు, తను చూసినదాన్ని చూపించడం. బాప్తిస్మమిచ్చే యోహాను యేసు గురించి, ఆయన హెచ్చాలి, నేను తగ్గాలి అన్నది అందుకే అనుకుంటా.

రాత్రిడ్యూటీ సిస్టర్ చెప్పిన సారీ నచ్చింది. అందులో ఆమె కనబడలేదు.

సందేహి:

లార్ష్‌లో బలైనవాళ్లు మాట్లాడారు చూడండి, నాకైతే సాక్షులు వాళ్లే. నష్టం వస్తుందని తెలిసీ నిజం చెప్పారు.

కోతపొలం:

ఒప్పుకుంటున్నాను. గ్రీకులో సాక్షికి "మార్తుస్" అంటారు. నిజం చెప్పినందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు అంతమంది అయ్యేసరికి హతసాక్షి అన్న అర్థం కూడా దానికే వచ్చేసింది. ఇంగ్లీషులో మార్టర్ అక్కణ్నుంచి వచ్చిందే. నష్టం లేని సాక్ష్యం తేలికే.

సందేహి గారూ, మీకు ఫోన్ ఆపేసిన ఆ బ్రదర్ తరఫున నేను క్షమాపణ అడగలేను, ఆ హక్కు నాకు లేదు. కానీ అలాంటి లెక్కలు నేనూ రాశాను. నెలకి ఎన్ని కరపత్రాలు, ఎందరు పేర్లిచ్చారు అని ఒక నోట్‌బుక్ ఉండేది. మీ పోస్టు చదివాక దాన్ని తీసి చూశాను. అందులో ఒక్కరి మొహం కూడా గుర్తు రాలేదు.

అలాగని మాట మార్చుకోను. రాత్రిడ్యూటీ సిస్టర్ వార్డులో పెట్టుకున్న నియమం వార్డుకి సరిపోతుంది. దాన్ని లోకమంతటికీ పెడితే సగంమంది నోరు ఎప్పటికీ తెరవరు. బావి దగ్గర సమరయ స్త్రీ యేసును ఏమీ అడగలేదు. ఆయనే మొదలుపెట్టాడు.

పాస్టరుగారబ్బాయి:

మొదలుపెట్టింది "నాకు దాహానికి ఇమ్ము" అని. అంటే సాయం అడుగుతూ. మనం మాత్రం మన దగ్గర అన్నీ ఉన్నట్టు, వాళ్ల దగ్గర ఏమీ లేనట్టు మొదలుపెడతాం. ఆయన దగ్గర కనీసం చేదుకునేందుకు కూడా ఏమీ లేదని ఆమే గుర్తు చేసింది.

కోతపొలం:

అది ఇంతకు ముందు ఇలా ఆలోచించలేదు. సరే. కానీ పక్కసీటు బ్రదర్‌ని ఒక్కటి అడగాలి. పిలిస్తేనే సాక్షి అని సిస్టర్ అన్నారు. ఆ లెక్కనే అడుగుతున్నా, వాదన కోసం కాదు. ఈ తొమ్మిదేళ్లలో ఆయన మిమ్మల్ని ఒక్కసారైనా పిలవలేదా?

పక్కసీటు:

రెండు రోజులు ఈ ప్రశ్న చూస్తూ ఊరుకున్నాను. చెప్పే సందర్భం రాలేదని మొదటి పోస్టులో రాశాను. అది నిజం కాదు.

నాలుగో ఏడు మాకు బిడ్డ పోయింది. ఏడో నెల. పది రోజులు సెలవు పెట్టి తిరిగి ఆఫీసుకి వెళ్లాను. ఆ రోజు మధ్యాహ్నం మెట్ల దగ్గర ఆయన నా పక్కన నిలబడి, చాలాసేపు ఏమీ అనకుండా ఉండి, "ఎలా నిలబడ్డావు? నిజంగా అడుగుతున్నా, దేన్ని పట్టుకుని నిలబడ్డావు?" అన్నాడు.

నేను, "ఏముంది, అలవాటైపోతుంది" అన్నాను.

అలవాటు కాలేదు. ఆ పది రాత్రులూ నా భార్య నిద్రపోయాక వంటింట్లో నేల మీద కూర్చుని దేవునితో పోట్లాడాను. కీర్తన కూడా చదవలేకపోయాను, ఎందుకు ఎందుకు అని ఆ ఒక్క మాటే. పదో రాత్రి జవాబు రాలేదు కానీ, ఒంటరిగా లేనన్నది మాత్రం తెలిసింది. ఎలా తెలిసిందంటే చెప్పలేను. పొద్దున కంప్యూటర్ దగ్గర నేను అనుకునే ఆ మాట అప్పుడు మొదలైందే. ఆయన అడిగినదానికి జవాబు అదే. నోటి దాకా వచ్చింది. చెబితే నన్ను వేరే రకం మనిషిగా చూస్తాడేమోనని ఒక భయం. అంత పోట్లాడినవాణ్ని, నాకు విశ్వాసం గురించి చెప్పే అర్హత ఎక్కడిదని ఇంకొకటి. మొదటి దానికి రెండోది ముసుగేమో కూడా, ఇప్పుడు విడదీయలేకపోతున్నాను.

ఇంతవరకే అయితే మీకు చెప్పి ఏడ్చి ఊరుకునేవాణ్ని. ఏడో ఏడు ఆయన తమ్ముడు చనిపోయాడు. ఆయన తిరిగొచ్చిన రోజు నేను అదే మెట్ల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఆయన నన్ను చూసి, "అలవాటైపోతుందన్నావు కదా. ఎన్నాళ్లు పట్టింది నీకు?" అని అడిగాడు.

మూడేళ్లుగా దాచుకున్నాడు ఆ మాట. నేను విసిరేసిన అబద్ధాన్ని పట్టుకుని నిలబడదామని చూస్తున్నాడు.

అప్పుడు కూడా చెప్పలేదు.

రాత్రిడ్యూటీ:

అన్నా.

ఏం రాయాలో తెలియడం లేదు. చదివాను. మీ కోసం, మీ భార్య కోసం, ఆయన కోసం ఇవాళ రాత్రంతా చేతులు కడుక్కున్నప్పుడల్లా.

పాతపుస్తకం:

బ్రదర్, ఒక చిన్న సంగతి చెబుతాను, ఓదార్పుగా కాదు. లారెన్స్ మాట్లాడలేదు, ఊరికే బతికాడు అన్నట్టు పైన రాశాను కదా. రాసేటప్పుడు నేను పట్టించుకోనిది ఒకటుంది. 1666 ఆగస్టులో బోఫోర్ అనే ఒక ఫాదర్ ఆయన్ని చూడ్డానికి వచ్చి, మీకిది ఎలా సాధ్యమైందని అడిగాడు. లారెన్స్ చెప్పాడు. పద్దెనిమిదేళ్ల వయసులో చలికాలంలో ఆకు లేని చెట్టును చూసినప్పటి సంగతి దగ్గర్నుంచి అన్నీ చెప్పాడు, వంటపని అంటే పడదన్నది కూడా. ఆ సంభాషణలు బోఫోర్ రాసి పెట్టుకున్నాడు కాబట్టే మనకీ మనిషి తెలుసు. ఆ రోజు "ఏముంది, అలవాటైపోయింది" అని ఉంటే ఆయన మంచి వంటవాడుగా పోయేవాడు.

మౌనం పక్షం నుంచి నేను దిగిపోతున్నానని కాదు. పక్కసీటు గారి బతుకు వల్లే ఆ మనిషి మెట్ల దగ్గరికి వచ్చి అడిగాడు. ఇంకొకరినెవర్నీ అడగలేదు కదా.

కోతపొలం:

నా మొదటి పోస్టులో జేబు గురించి అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ బిడ్డ సంగతి తెలియక అన్నాను, తెలిసి ఉంటే మాత్రం అనవచ్చా అన్నది కూడా ఆలోచిస్తున్నాను.

సందేహి:

పక్కసీటు గారూ, మీవాళ్లు చెప్పాల్సింది చెబుతున్నారు. ఆయన స్థానంలో ఉండే మనిషిగా నేను ఒకటి చెబుతా.

మా నాన్న పోయినప్పుడు నేనూ అలాగే ఒకరిద్దర్ని అడిగాను, ఎలా తట్టుకున్నారని. దేవుడి చిత్తం అన్నారు కొందరు, కాలమే మందు అన్నారు కొందరు. మీ "అలవాటైపోతుంది" కూడా ఆ గంపలోదే, మరీ అంత పెద్ద పాపం కాదు. కానీ ఎవరైనా "రాత్రుళ్లు వంటింట్లో కూర్చుని దేవుణ్ని తిట్టాను, జవాబు రాలేదు, అయినా ఒంటరిగా ఉన్నట్టు అనిపించలేదు" అని ఉంటే, నేను దేవుణ్ని నమ్మేవాణ్ని కాదేమో కానీ ఆ మనిషిని నమ్మేవాణ్ని. మళ్లీ వెళ్లి ఇంకా అడిగేవాణ్ని.

మీకు అర్హత లేదనుకున్న ఆ పోట్లాటే ఆయన అడిగింది.

పక్కసీటు:

నంబర్ ఉంది. నిన్న రెండుసార్లు మెసేజ్ టైప్ చేసి చెరిపేశాను. మొదటిది చదివితే కరపత్రంలా ఉంది. రెండోది మరీ పొడుగు. ఉద్యోగం మారాక ఇప్పుడు ఫోన్ చేసి ఈ విషయం ఎత్తితే, ఇన్నేళ్లూ ఇందుకోసమే దగ్గరయ్యాడా అని సందేహి గారికి వచ్చిన అనుమానమే ఆయనకూ వస్తుందేమో. చెయ్యమంటారా?

కోతపొలం:

చెయ్యండి. వాక్యం ఏదీ చేర్చకండి. ఈ మాట నేనంటున్నానంటే నాకే వింతగా ఉంది.

పాస్టరుగారబ్బాయి:

మెట్ల దగ్గర అబద్ధం చెప్పానని మాత్రం చెప్పండి. మిగతాది ఆయన అడిగితే.

సందేహి:

ముందు తమ్ముడి గురించి అడగండి. రెండేళ్లయింది కదా, ఈపాటికి అందరూ అడగడం మానేసి ఉంటారు.